నాలుగోసారి కూడా అదే మాత్రేనా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, ఔషధ నియంత్రణ శాఖల అధిపతులకు

అయ్యా, అమ్మా,



ఈమధ్య ఒక జిల్లా సమీక్షా సమావేశంలో ఒక గైనకాలజిస్టు లేచి, యోనిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే స్త్రీలకి కల్చర్ చేయించే దారేదైనా చూపించమని అడిగారు. వేదిక మీదున్న అధికారి ఒకరు, "రక్తం కల్చర్లకే సీసాలు చాలక చస్తుంటే తెల్లబట్టకి కూడా కల్చరేంటి మేడమ్? కిట్టిచ్చి పంపెయ్యండి" అన్నారు. గదిలో కొంతమంది నవ్వారు కూడా. అన్నవారి పేరుతో నాకు పని లేదు. మీ మందుల ఇండెంట్లలో, ఏఎన్ఎంలకిచ్చే శిక్షణలో, పీహెచ్‌సీ ల్యాబు అలమరలో ఏళ్లుగా ఉన్న ధోరణే ఆరోజు మైకులో వినబడింది. మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయినదాన్ని. ఆ నవ్వు విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఎవరిని చూసి నవ్వారో కాస్త చూడండి. ఆమెకి నలభై దాటాయి. షుగర్ ఉంది. కింద దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట. మొదట వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకు తాగింది. తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ ఒక మాత్ర ఇచ్చాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. మళ్లీ మొదలైంది. ఈసారి మందుల షాపుకి కొడుకుని పంపలేక, తను వెళ్లి నోరు తెరిచి అడగలేక, పక్కింటావిడ చేత తెప్పించుకుంది. మూడోసారి ధైర్యం చేసి సర్కారు ఆసుపత్రికి వెళితే పచ్చ ప్యాకెట్టు చేతిలో పెట్టారు. నాలుగోసారీ అదే ప్యాకెట్టు. ఇన్ని నెలల్లో ఆమెని బల్లమీద పడుకోబెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇలాంటి మనిషి మీకు తెలియని మనిషా? మీ ఇళ్లలో, మీ ఆఫీసుల్లో లేదా? మీ నెలవారీ నివేదికలో మాత్రం ఆమె 'చికిత్స పొందిన' కేసు. అదీ ఒకటికి రెండుసార్లు.

ఆ పచ్చ ప్యాకెట్టు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రూపొందించిన రంగుల కిట్లలో రెండోది. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. లక్షణం చూసి మందివ్వడం అనే పద్ధతికి పుట్టిన కిట్టది. ఆ పద్ధతిని నేను తిట్టను. మైక్రోస్కోపు లేని చోట, పేషెంటు మళ్లీ వస్తుందో రాదో తెలియని చోట అది చాలామందిని కాపాడింది. కానీ ఆ పద్ధతిలోనే తగ్గకపోతే పైకి పంపమని ఒక మెట్టు ఉంది. ఏ పైకి? పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి పంపితే అక్కడా అదే కిట్టు. ఏరియా ఆసుపత్రికి పంపితే అక్కడా అదే. కిట్టు విఫలమైన మనిషికి కిట్టే ఇవ్వడాన్ని రిఫరల్ అంటారా?

ఇక బయటి షాపుల సంగతి. అక్కడ అజిత్రోమైసిన్, సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ మూడూ కలిపిన కిట్టు దొరుకుతుంది. ఏదో ఒకటి తగలకపోతుందా అన్న ధైర్యమే తప్ప అందులో రోగనిర్ధారణ ఏముంది? ఉన్నది ఈస్ట్ అయితే సెక్నిడజోల్ దాన్ని తాకదు. అజిత్రోమైసిన్ అసలే తాకదు. పైపెచ్చు, యాంటీబయాటిక్ వాడాక ఈస్ట్ విజృంభించడం ప్రతి గైనకాలజిస్టూ చూసేదే. ఉన్నది బ్యాక్టీరియా వల్ల వచ్చిన సమస్య అయితే ఫ్లుకొనజోల్ దండగ. మందుల షాపులో తామే ఈస్ట్ మందు కొనుక్కున్న స్త్రీలని పరీక్షించి చూస్తే వారిలో మూడోవంతు మందికే నిజంగా ఈస్ట్ ఉందని 2002లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. చదువుకుని, మందు పెట్టె మీద రాసింది చదివి కొనుక్కున్నవాళ్ల పరిస్థితే అది. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూస్తారు, గడువు తేదీలు చూస్తారు. డాక్టరు చీటీ మీదే అమ్మాలని పెట్టె మీద అచ్చేసిన మాత్ర చీటీ లేకుండా ఎన్ని పోయిందో ఎప్పుడైనా లెక్క అడిగారా?

అసలు విషయానికొస్తాను. ఈస్ట్ అంటే ఒకటే జీవి అన్నట్టు మీ కాగితాలు మాట్లాడతాయి. కాండిడా ఆల్బికన్స్ ఎక్కువ, నిజమే. దానిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఫ్లుకొనజోల్‌కి లొంగుతుంది, అదీ నిజమే. అందుకే మొదటిసారి వచ్చిన మామూలు ఇన్ఫెక్షన్‌కి కల్చర్ చేయమని నేను అడగడం లేదు, ఏ మార్గదర్శకమూ అడగదు. కానీ కాండిడా గ్లాబ్రాటా అని ఇంకొకటుంది. దానికి ఈ మాత్ర మామూలు మోతాదులో సరిగా ఆనదు. కాండిడా క్రుసై అని మరొకటుంది. అది పుట్టుకతోనే ఫ్లుకొనజోల్‌కి లొంగదు. దాని విషయంలో మందు పరీక్ష కూడా అక్కర్లేదు, పేరు తెలిస్తే చాలు. ఆ పేరు తెలుసుకోకుండా ఆమెకి ఎన్ని మాత్రలిస్తారు?

ఇది విదేశీ పుస్తకాల్లోని భయమని కొట్టిపారేయకండి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు షుగర్ ఉన్న స్త్రీలలో ఈ ఇన్ఫెక్షన్‌ని పరిశీలించి 2007లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో ప్రచురించారు. 111 మందిలో 68 మందికి, అంటే 61 శాతానికి పైగా, దొరికింది గ్లాబ్రాటా. ఆల్బికన్స్ 32 మందిలోనే. ఆ గ్లాబ్రాటా ఉన్నవాళ్లలో ఫ్లుకొనజోల్ ఇస్తే ఈస్ట్ పోయినది 35 మందిలో 10 మందికి. యోనిలో పెట్టుకునే బోరిక్ యాసిడ్ మాత్రలు ఇస్తే 33 మందిలో 21 మందికి. మన దేశపు ఆసుపత్రి, మన దేశపు స్త్రీలు, దాదాపు రెండు దశాబ్దాల కిందటి లెక్క. ఊరూరా షుగర్ ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఆ లెక్క చూసి మీ మందుల జాబితాలో ఒక్క గీతైనా మారిందా?

షుగర్ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు మూత్రం ద్వారా చక్కెరని బయటికి పంపిస్తాయి. గుండెకి, కిడ్నీలకి మేలు చేసే మంచి మందులు. 2020లో పేటెంట్ గడువు తీరాక మన దగ్గర పదుల కొద్దీ కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. చక్కెర పోయే దారిలోనే ఈస్ట్ పెరుగుతుందన్నది ఈ మందుకి బాగా తెలిసిన దుష్ప్రభావం. షుగర్ డాక్టరు అది రాస్తారు, తెల్లబట్ట గురించి చెప్పరు. ఆమె తెల్లబట్ట గురించి ఇంకో చోట చెప్పుకుంటుంది, షుగర్ మాత్ర మారిన సంగతి చెప్పదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లని ఇంటింటికీ తిరిగి నమోదు చేయించిన శాఖ మీది. ఆ ఫారంలో 'కింద దురద ఉందా' అన్న ఒక్క ప్రశ్న చేర్చడానికి ఏం అడ్డొచ్చింది? సిగ్గు ఎవరికి, పేషెంటుకా, ఫారం రాసినవారికా?

పరీక్ష అనగానే మీరు ఖర్చంటారు. ఆ ఖర్చేమిటో చూద్దాం. మొదటి మెట్టు, పీహెచ్ కాగితం. ఈస్ట్ ఉన్నప్పుడు యోని పీహెచ్ సాధారణంగా మామూలుగానే, అంటే 4.5 లోపే ఉంటుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే వాజినోసిస్‌లోనూ ట్రైకోమోనాస్‌లోనూ అది దాటుతుంది. ఒక రంగు కాగితం ముక్క చెప్పే మాట ఇది. రెండో మెట్టు, స్లైడు మీద స్రావం, దానిమీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, పైన కవర్ స్లిప్. కాసేపట్లో చర్మకణాలు కరిగిపోయి, గుండ్రటి ఈస్ట్ కణాలూ వాటినుంచి సాగిన దారాలూ తేలతాయి. క్షయ, మలేరియా కార్యక్రమాల పుణ్యమా అని మైక్రోస్కోపు పీహెచ్‌సీలో ఉంది, చూసే ల్యాబ్ టెక్నీషియనూ ఉన్నారు. పీహెచ్‌సీ ల్యాబులో వెట్ మౌంట్, గ్రామ్ స్టెయిన్ ఉండాలని 2012 నాటి ఇండియన్ పబ్లిక్ హెల్త్ స్టాండర్డ్స్‌లోనే రాసి ఉంది. నేను కొత్తగా ఏమీ అడగడం లేదని గమనించండి.

ఇక్కడొక చిక్కుంది. గ్లాబ్రాటా దారాలు సాగదు, చిన్న చిన్న గుండ్రటి కణాలుగానే ఉండిపోతుంది. స్లైడు మీద తేలిగ్గా తప్పించుకుంటుంది. అందుకే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి స్లైడు ఒక్కటీ చాలదు, కల్చర్ కావాలంటున్నది. ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదే పదే వచ్చే రకంగా లెక్కకట్టాలని అమెరికా సీడీసీ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రపంచంలో ఏటా సుమారు 13.8 కోట్ల మంది స్త్రీలు ఈ రకం బాధ పడుతున్నారని 2018లో 'లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్'లో వచ్చిన అంచనా. వీళ్లకైనా కల్చర్ దక్కకూడదా?

ఆ కల్చర్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివారి కోసం చెబుతాను. రంగు మీడియా ప్లేటు మీద స్వాబు రుద్ది ఇంక్యుబేటర్లో పెడితే రెండు రోజులకి ఆల్బికన్స్ ఆకుపచ్చగా, ట్రోపికాలిస్ అనే ఇంకో కాండిడా నీలంగా, క్రుసై గరుకు గులాబీగా లేస్తాయి. ఎంబీబీఎస్ రెండో ఏడు పిల్లలు కూడా చూసి చెప్పేస్తారు. రంగు ప్లేటు కొనలేమంటే జెర్మ్ ట్యూబ్ పరీక్ష ఉంది: కాస్త సీరంలో ఈస్ట్‌ని కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలుంచితే ఆల్బికన్స్‌కి మొలక తోక వస్తుంది, గ్లాబ్రాటాకీ క్రుసైకీ రాదు. తర్వాత మందు పరీక్ష. గ్లూకోజు, మిథిలిన్ బ్లూ కలిపిన లేత నీలి మీడియా మీద ఈస్ట్‌ని పరిచి, 25 మైక్రోగ్రాముల ఫ్లుకొనజోల్ బిళ్ల పెడతారు. మర్నాడు బిళ్ల చుట్టూ ఈస్ట్ పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. ఆల్బికన్స్‌కి ఆ వలయం 17 మిల్లీమీటర్లో అంతకు మించో ఉంటే మందు పనిచేస్తుందని లెక్క, 13 కానీ అంతకు తక్కువ కానీ ఉంటే లొంగదని లెక్క. ఈ పనికి కోట్ల రూపాయల యంత్రమేదీ అక్కర్లేదు. బిళ్లలు, ప్లేట్లు, స్కేలు, చూసే ఓపిక కావాలి.

ల్యాబు మాటే వేదమని కూడా నేను అనను. ఆ పరీక్ష దాదాపు తటస్థంగా ఉండే మీడియా మీద జరుగుతుంది, యోనిలో ఉండేది ఆమ్లం. ఆమ్లంలో ఫ్లుకొనజోల్ లాంటి అజోల్ మందుల పదును తగ్గుతుంది. కాబట్టి 'పనిచేస్తుంది' అని రిపోర్టు వచ్చినా ఒక్కోసారి పనిచేయదు. అది చదివి వివరించే మైక్రోబయాలజిస్టు, వినే గైనకాలజిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మీ ఏర్పాటులో వాళ్లిద్దరూ కలిసేది సమీక్షా సమావేశంలోనే. అక్కడేమయిందో పైన రాశాను.

గుంటూరు మిరప రైతు ఆకు ముడుచుకుంటే ముందు అది పై ముడతా కింది ముడతా అని చూస్తాడు. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, దేని మందు దానిదే. చూడకుండా కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది అని వ్యవసాయాధికారే ఊరూరా తిరిగి చెబుతారు. అదే ప్రభుత్వంలోని మీ శాఖ ఆ రైతు భార్యకి ఏం చెబుతోంది?

మనుషులు లేరంటారేమో. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ కాలేజీ అన్నారు. మైక్రోబయాలజీ విభాగం లేకుండా ఏ కాలేజీకీ అనుమతి రాదు. ఆ విభాగాల్లో ఫంగస్ ప్లేట్లు విద్యార్థుల ప్రాక్టికల్స్ కోసం తయారవుతూనే ఉన్నాయి. ఊరి నుంచి ప్లేటు దాకా స్వాబు చేరాలి, అంతే. తెమడ నమూనాలు తిరిగే దారి ఉంది, తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కేంద్రాలకి రక్తం సీసాలు తిరిగే దారి ఉంది. రవాణా మీడియాలో పెడితే ఈస్ట్ ఆ ప్రయాణానికి చావదు, గట్టిపిండం. తెలంగాణలో 2023 మార్చి 8న కరీంనగర్‌లో 'ఆరోగ్య మహిళ' మొదలుపెట్టి మంగళవారాలు స్త్రీల పరీక్షలకే కేటాయించారు. అంత మంచి ఆలోచన చేసినవారికి ఆ బల్లమీద ఒక పీహెచ్ కాగితం కట్ట పెట్టాలని తట్టలేదా?

చేయకపోతే ఏమవుతుంది, ఎవరూ చావరుగా అంటారు కొందరు. చావరు. ఏళ్ల తరబడి రాత్రి నిద్ర ఉండదు, భర్త దగ్గరికి వెళ్లాలంటే భయం, కూలికి వెళితే చెమటకి మంట. కొందరికి డాక్టర్లు వారానికో ఫ్లుకొనజోల్ చొప్పున ఆరు నెలలు రాస్తారు. అది ప్రామాణిక చికిత్సే. కానీ మానేసిన ఆరు నెలలకల్లా సగానికి పైగా స్త్రీలకి తిరగబెట్టినట్టు 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఏ ఈస్టో తెలియకుండా ఆరు నెలల కోర్సు మొదలుపెట్టడమంటే, అది క్రుసై అయితే వ్యర్థం, లొంగని గ్లాబ్రాటా అయితే దానికి అడ్డొచ్చే మిగతా ఈస్టుల్ని తుడిచి చోటు చూపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వెలువరిస్తే కాండిడా ఆల్బికన్స్‌ని అత్యంత కీలక వర్గంలో, గ్లాబ్రాటాని దాని తర్వాతి వర్గంలో పెట్టింది. మనం మాత్రం మందుకి లొంగని సూక్ష్మజీవులంటే ఐసీయూలోని బ్యాక్టీరియా అనే అనుకుంటున్నాం. రక్తంలో చేరిన కాండిడా లెక్క ఐసీఎంఆర్ నెట్‌వర్కు చూస్తోంది. యోనిలోని కాండిడా లెక్క మన రెండు రాష్ట్రాల్లో ఎవరి బల్లమీద ఉంది?

గర్భిణుల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్లకి ఈస్ట్ ఎక్కువ వస్తుంది, నోటి ద్వారా ఫ్లుకొనజోల్ మాత్రం ఇవ్వకూడదు, ఏడు రోజులు క్లోట్రిమజోల్ లాంటిది లోపల పెట్టుకోవాలన్నదే సీడీసీ సలహా. నెల తప్పిందో లేదో అడగకుండా షాపులో కిట్టు చేతిలో పెట్టేవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? బోరిక్ యాసిడ్ కూడా గర్భిణులకి పనికిరాదు, మింగితే ఎవరికైనా విషం. కొలిచి గుళికల్లో నింపిన 600 మిల్లీగ్రాముల మందు మీ ఫార్మసీలో ఉండదు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు మాత్రం ప్రతి షాపులో ఉంటుంది. డాక్టరు చేతిలో ఉండాల్సిన మందుని మీరు తెప్పించకపోతే, ఎవరో చెప్పింది విని ఆ పౌడరు డబ్బా కొనుక్కునే ఆడమనిషి ఉండదని మీరు హామీ ఇవ్వగలరా?

ఇంకొక అన్యాయం గురించి రాయకపోతే ఈ ఉత్తరం ముగియదు. ఈస్ట్ ఇన్ఫెక్షన్ సుఖవ్యాధి కాదు. భర్తకి లక్షణాలేమీ లేకపోతే ఆయనకి మందు అవసరం లేదు. కానీ కిట్టు ఇచ్చేది సురక్ష క్లినిక్కులో, రాసుకునేది సుఖవ్యాధుల రిజిస్టరులో, సలహా 'మీ ఆయన్ని తీసుకురండి' అని. ఇంటికెళ్లి ఆ మాట ఆమె ఎలా చెబుతుంది? 'నాకెందుకు, నువ్వెక్కడ తిరిగావ్' అని ఆయనంటే ఆ రాత్రి అక్కడ మీ కౌన్సిలర్ ఉండరు. స్లైడు మీద ఈస్ట్ అని తేలి ఉంటే, 'ఇది షుగర్ వల్ల, వాడిన మందుల వల్ల వచ్చింది, మీ ఆయనకీ మీకూ అనుమానం అక్కర్లేదు' అని చెప్పి పంపే వీలుండేది.

కాబట్టి అడుగుతున్నాను. ప్రతి పీహెచ్‌సీకీ పీహెచ్ కాగితం, పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా ఈ త్రైమాసిక ఇండెంట్లోనే చేర్చండి. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగం తన జిల్లా నుంచి వచ్చే స్వాబులు తీసుకోవాలనీ, ఈస్ట్ పేరూ ఫ్లుకొనజోల్ ఫలితమూ తిరిగి పంపాలనీ ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఫలితాలు ఏడాదికోసారి బయటపెట్టండి, మన ఊళ్లలో ఏ ఈస్ట్ ఎంతుందో మనకే తెలియాలి. కలిపి అమ్మే కిట్లు చీటీ లేకుండా పోతున్న షాపుల మీద కేసులు పెట్టండి. ఇవన్నీ బడ్జెట్టు దాకా ఆగాలంటారేమో. ఓపీ రిజిస్టరులో 'ఏడాదిలో ఇది ఎన్నోసారి?' అన్న ఒక్క గడి గీయడానికి బడ్జెట్టు అక్కర్లేదు, మూడో అంకె పడగానే కిట్టు ఆపి స్వాబు తీయమనడానికి జీవో కూడా అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారులకి మీరు సంతకం చేసి పంపే ఒక మెమో చాలు. అది ఎప్పుడు పంపుతున్నారు?

ఇట్లు,
ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకురాలు